టికెట్ నుంచి టెర్మినల్‌కి: ప్రొడక్షన్ యాక్సెస్ అడిగే పద్ధతి మార్చిన ఒక కేస్

ఈ కేస్ ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీది. వందల్లో ఇంజనీర్లు, క్లౌడ్‌లో బోలెడన్ని సర్వర్లు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లు, యాప్‌లని నడిపించే కుబెర్నెటీస్ క్లస్టర్లు. నేను ప్లాట్‌ఫామ్ టీమ్‌లో ఉండి ఈ పని నడిపించాను. సెక్యూరిటీ వాళ్లు మమ్మల్ని అడిగింది ఒక్క ముక్క: ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లలో, ఎవరికీ శాశ్వతంగా యాక్సెస్ ఉండకూడదు. కావాల్సినప్పుడు అడగాలి, ఎవరో ఒకరు ఒప్పుకోవాలి, టైమ్ అయిపోగానే అది దానంతటదే పోవాలి.

అప్పటిదాకా ఉన్న దారి చాలామందికి తెలిసిందే. టికెట్ పోర్టల్‌లో ఫారం తెరవాలి. రోల్ (ఒక కట్టగా ఇచ్చే అధికారాలు) పేరు ఎంచుకోవాలి, ఆ డ్రాప్‌డౌన్‌లో ఏ పేరు దేనికో పెట్టినవాళ్లకే గుర్తుండదు. మేనేజర్ అప్రూవ్ చేయాలి. ఆ తర్వాత అది ఐటీ క్యూలో పడుతుంది, అక్కడ ఎవరో చేత్తో గ్రూప్‌లో కలుపుతారు. రాత్రి పూట ఇన్సిడెంట్, అంటే సర్వీస్‌కి ఏదైనా దెబ్బ, వస్తే ఈ తతంగం ముగిసేలోపు ఇన్సిడెంటే ముగిసిపోతుంది.

దాంతో జనం తమ దారులు తాము వెతుక్కున్నారు. ఒకసారి వచ్చిన యాక్సెస్‌ని ఎవరూ వెనక్కి ఇవ్వరు, ఎందుకైనా మంచిదని అట్టే పెట్టుకుంటారు. లేనివాళ్లు ఉన్నవాళ్లని పట్టుకుంటారు: "అన్నా, నీ లాగిన్‌లో ఈ ఒక్క క్వెరీ కొట్టి పెట్టవా, అర్జంట్." అన్న కొట్టి పెడతాడు. ఆడిట్ లాగ్‌లో అన్న పేరు పడుతుంది. మూడు నెలలకోసారి జరిగే యాక్సెస్ రివ్యూ అంటే మేనేజర్ ముందు పెద్ద స్ప్రెడ్‌షీట్ పెట్టి 'అవును' కాలమ్ మొత్తం కిందికి లాగించడమే. టీమ్ మారి ఏళ్లయినవాళ్లకి పాత టీమ్ డేటాబేస్ ఇంకా తెరుచుకునేది.

అవసరమైనంత వరకే అధికారం ఇవ్వాలన్న సూత్రం కొత్తదేం కాదు. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లో రాసిన పేపర్‌లో ఉంది. అందరూ ఆ ఒక్కదాన్నే ఎత్తి చూపిస్తారు గానీ, వాళ్లు ఇచ్చిన ఎనిమిది సూత్రాల జాబితాలో ఆఖరిది వాడేవాళ్లకి తేలిగ్గా, సహజంగా అనిపించాలన్నది. మా పరిస్థితికి ఆ ఆఖరిదే మందు అని నా అభిప్రాయం. అడగడం నరకంగా ఉన్నచోట ఎవరూ ఉన్నదాన్ని వదులుకోరు. కాబట్టి శాశ్వత యాక్సెస్ పీకేయడం కంటే ముందు అడగడాన్ని చవక చేయాలి అని మొదటి మీటింగ్‌లోనే పట్టుబట్టాను. సెక్యూరిటీ వాళ్లు ఈ వరుసకి అంత సులువుగా ఒప్పుకోలేదు.

కమాండే ఎందుకు

యాక్సెస్ అడగడానికి టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) కొట్టే ఒక కమాండ్ కట్టాం. ఇంకో వెబ్ పేజీ కడదాం అన్నవాళ్లూ ఉన్నారు. కానీ యాక్సెస్ లేదని తెలిసేది టెర్మినల్‌లోనే. 'పర్మిషన్ డినైడ్' అని వచ్చిన చోటే అడిగే వీలుంటే మనిషి పని మధ్యలోంచి లేచి వెళ్లక్కర్లేదు. పైగా కమాండ్‌ని రన్‌బుక్‌లో, అంటే ఏ సమస్యకి ఏం చేయాలో చెప్పే నోట్స్‌లో, రాసి పెట్టొచ్చు: "ముందు ఇది కొట్టండి, అప్రూవల్ వచ్చాక ఇది కొట్టండి." ఫారం గురించి అలా రాయాలంటే స్క్రీన్‌షాట్లు పెట్టాలి, అవి నెలకోసారి పాతబడతాయి.

మొత్తం సొంతంగా రాయలేదు, రాయకూడదు కూడా. యాక్సెస్, పాస్‌వర్డ్‌లు చూసుకునే టెలిపోర్ట్, వాల్ట్ లాంటి టూల్స్ ఉన్నాయి. పెద్ద క్లౌడ్ కంపెనీలు కూడా తాత్కాలిక అధికారం ఇచ్చే సేవలు పెట్టాయి. మేం చేసింది వాటి పైన ఒక పలచటి పొర: రిక్వెస్ట్ తీసుకోవడం, సరైన మనిషికి చూపించడం, ఒప్పుకుంటే కింద ఉన్న సిస్టమ్‌తో తాత్కాలిక క్రెడెన్షియల్ (లోపలికి వెళ్లే తాళంచెవి లాంటిది) ఇప్పించడం, గడువు తీరాక వెనక్కి తీసుకోవడం. కమాండ్‌కి ఏ రహస్యమూ తెలియదు, నిర్ణయాలన్నీ సర్వర్ వైపే జరుగుతాయి. ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ని ఎవరైనా మార్చి వాడొచ్చు కదా.

లాగిన్ దగ్గర ఒక చర్చ నడిచింది. కమాండ్ స్క్రీన్ మీద ఒక కోడ్ చూపిస్తుంది, దాన్ని ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో కొడితే లాగిన్ అయిపోతుంది. ఈ డివైస్ ఫ్లోని 2019లో ఆర్ఎఫ్‌సీ 8628 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా ప్రచురించారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చిక్కేమిటంటే, దొంగ తన మెషిన్‌లో కోడ్ పుట్టించి "ఇది కొంచెం కొట్టండి సార్" అని పంపితే, కొట్టినవాడి పేరు మీద దొంగ లోపలికొస్తాడు. అందుకని బ్రౌజర్ ఉన్న మెషిన్‌లో పీకేసీఈతో (లాగిన్ కోడ్‌ని మధ్యలో కాజేసినా వాడలేకుండా చేసే పద్ధతి) మామూలు బ్రౌజర్ లాగిన్, బ్రౌజరే లేని రిమోట్ మెషిన్లలో మాత్రమే డివైస్ ఫ్లో అని తేల్చాం. డివైస్ ఫ్లోలో వచ్చిన సెషన్‌తో సున్నితమైన వాటిని అడగలేరు.

ఏది అడగాలో తెలియకపోవడం

రోల్ పేరు తెలిసినవాడికి కమాండ్ చక్కగా పనిచేస్తుంది. కొత్తగా చేరినవాడికి ఆ పేరు ఎలా తెలుస్తుంది? పైలట్‌లో ఎక్కువమంది ఆగిపోయింది ఇక్కడే. దొరికిన లిస్ట్‌లో పెద్దగా కనిపించినదాన్ని, అంటే అడ్మిన్‌ని అడిగేసేవాళ్లు. తప్పు వాళ్లది కాదు. 'పేమెంట్స్ రీడర్ టూ' అన్న పేరు చూసి ఎవరికి ఏం అర్థమవుతుంది?

అందుకని రోల్ పేర్లని జనం కంటికి కనబడకుండా దాచేశాం. ఏ సిస్టమ్, ఏం చేయాలి, ఎంతసేపు అని మూడే అడుగుతుంది. చేయాల్సిన పనులు కూడా మామూలు మాటల్లో ఉంటాయి: లాగ్స్ చూడాలి, డేటా చదవాలి, డేటా మార్చాలి, సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. కింద ఏ రోల్ తగిలించాలో టూల్ చూసుకుంటుంది. డేటా మార్చాలి అని ఎంచుకున్నవాడికి, చదవడం సరిపోతుందేమో చూడమని, అది చాలా త్వరగా అప్రూవ్ అవుతుందని ఒక లైన్ కనిపిస్తుంది. ఆ ఒక్క లైన్ చూసి చాలామంది చిన్న యాక్సెస్‌కి దిగొచ్చారు. పాలసీ డాక్యుమెంట్‌లో పేజీలకి పేజీలు రాసినా ఆ పని జరగదు.

రిక్వెస్ట్ పంపాక టెర్మినల్‌లో వచ్చే జవాబు మీద కూడా తగినంత సమయం పెట్టాం. చివరికి ఇలా కుదిరింది (ఆన్‌కాల్ అంటే తన వంతులో వచ్చే సమస్యలు చూసుకునే ఇంజనీర్):

"రిక్వెస్ట్ వెళ్లింది. అప్రూవ్ చేయగలవాళ్లు: పేమెంట్స్ ఆన్‌కాల్, డేటాబేస్ టీమ్. ఇక్కడే ఉండి చూడొచ్చు. కంట్రోల్ సీ కొట్టి వేరే పని చూసుకున్నా రిక్వెస్ట్ పోదు."

ఆఖరి వాక్యం లేనప్పుడు జనం టెర్మినల్ మూసేయడానికి భయపడి అలాగే కూర్చునేవాళ్లు, లేకపోతే మూసేసి మళ్లీ ఇంకో రిక్వెస్ట్ పెట్టేవాళ్లు. తిరస్కరణకీ ఇదే పద్ధతి. కాదన్నవాళ్లు ఒక లైన్ కారణం రాయాల్సిందే, ఆ లైన్ అడిగినవాడి టెర్మినల్‌లో కనిపిస్తుంది.

ఎందుకు అన్న కాలమ్

కారణం తప్పనిసరి అని పెడితే వచ్చే కారణాలు ఎలా ఉంటాయో ఈ రంగంలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. 'వర్క్'. 'ఇష్యూ'. 'నీడెడ్'. కనీసం ఇన్ని అక్షరాలు ఉండాలి అని పెడితే చుక్కలు పెట్టి నింపుతారు. ఆ దారికి మేం పోలేదు.

రిక్వెస్ట్‌ని, కారణంతో సహా, ఆ సిస్టమ్ ఓనర్ టీమ్ చాట్ చానెల్‌లో అందరికీ కనిపించేలా వేశాం. అంతే. పదిమంది చూసేచోట 'వర్క్' అని రాయడానికి ఎవరికైనా మొహమాటమే. ఇన్సిడెంట్ నంబరో టికెట్ నంబరో ఇస్తే టూల్ దాని టైటిల్‌ని తనే తెచ్చి పక్కన పెడుతుంది కాబట్టి మంచి కారణం ఇవ్వడానికి టైపింగ్ కూడా తగ్గింది. సెక్యూరిటీ ఇన్వెస్టిగేషన్, హెచ్ఆర్ డేటా లాంటి చోట్ల మాత్రం చానెల్‌లో వేయకుండా ఓనర్లకే విడిగా పంపుతాం.

కారణం వచన రూపంలోనే ఉండాలి, అందులో కస్టమర్ వివరాలు రాయొద్దు అని ప్రాంప్ట్‌లోనే చెప్పాం. కమాండ్ లైన్‌లో రాసింది షెల్ హిస్టరీలో (కొట్టిన కమాండ్ల జాబితాలో) మిగిలిపోతుంది, ఆ మెషిన్‌లో ఉన్న మిగతా యూజర్లకి, నడుస్తున్న ప్రోగ్రామ్‌లని చూపించే పీఎస్ కమాండ్‌లో కనిపించే అవకాశం కూడా ఉంది. టోకెన్లూ పాస్‌వర్డ్‌లూ ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చే దారి టూల్‌లో అసలే పెట్టకపోవడానికి కారణం ఇదే.

అప్రూవర్ ముందు ఏముంటుంది

మొత్తం కేస్‌లో అన్నిటికంటే విలువైన భాగం ఇదని నేననుకుంటాను. యాక్సెస్ టూల్స్ గురించి మాట్లాడేవాళ్లు అడిగేవాడి గురించే ఆలోచిస్తారు. రోజంతా 'ఫలానావాళ్లు యాక్సెస్ అడుగుతున్నారు, అవును, కాదు' అన్న మెసేజ్‌లు పడుతుంటే అప్రూవర్ బొటనవేలు దానంతటదే 'అవును' మీదికి పోతుంది. అప్పుడు అప్రూవల్ ఉన్నా లేనట్టే.

ముందు చేసిన పని మేనేజర్‌ని ఈ దారిలోంచి తప్పించడం. మేనేజర్‌కి తన మనిషి తెలుసు గానీ, ఆ డేటాబేస్‌లో ఏముందో తెలియదు. డేటాబేస్ టీమ్‌కి ఏముందో తెలుసు. కాబట్టి సిస్టమ్ ఎవరిదో వాళ్లే అప్రూవ్ చేస్తారు. ఎవరి రిక్వెస్ట్ వాళ్లు అప్రూవ్ చేసుకోలేరు, టీమ్ లీడ్ అయినా సరే.

రెండోది, మెసేజ్ నిండుగా ఉండటం. ఒక నమూనా (ప్రైమరీ అంటే అసలు డేటాబేస్, రెప్లికా అంటే దాని నకలు): "ఎవరు: పేమెంట్స్ టీమ్ ఇంజనీర్, ఈ వారం ఆన్‌కాల్‌లో ఉన్నారు. ఏది: పేమెంట్స్ డేటాబేస్ రెప్లికా, చదవడానికి మాత్రమే. ఎంతసేపు: 2 గంటలు. ఎందుకు: రీఫండ్ రెండుసార్లు పడిన ఆర్డర్ల లిస్ట్ తీయాలి, ఇన్సిడెంట్ ఇంకా తెరిచే ఉంది. గమనిక: ఈ డేటాబేస్‌లో కస్టమర్ ఫోన్ నంబర్లున్నాయి." ఇది చదివినవాడు ఒక నిర్ణయం తీసుకోగలడు. అడిగినవాడు ఆన్‌కాల్‌లో లేకపోయినా, ఇంతకుముందెన్నడూ ఆ సిస్టమ్‌ని ముట్టుకోకపోయినా ఆ సంగతి మొదటి లైన్‌లోనే వస్తుంది.

మూడోది, అడగక్కర్లేనివి అడగకపోవడం. ఆన్‌కాల్‌లో ఉన్న ఇంజనీర్ తన సర్వీస్ లాగ్స్ చూడ్డానికి ఒక మనిషి నిద్ర చెడగొట్టడం ఎందుకు? ఆన్‌కాల్ షెడ్యూల్ చూసి టూల్ తనే ఒప్పుకుంటుంది, రికార్డ్ రాస్తుంది, చానెల్‌లో వేస్తుంది. మనుషుల దగ్గరికి వెళ్లే రిక్వెస్ట్‌లు తగ్గినకొద్దీ వచ్చినవాటిని చదవడం పెరిగింది. "దీనికి రెప్లికా చాలు కదా, ప్రైమరీ ఎందుకు?" లాంటి ఎదురు ప్రశ్నలు చానెల్‌లో కనిపించడం మొదలయ్యాక ఈ పద్ధతి పనిచేస్తోందని నమ్మకం కుదిరింది.

ప్రొడక్షన్‌లో డేటా మార్చే రిక్వెస్ట్‌లకి చాట్‌లో బటన్ సరిపోదు. అప్రూవర్ సెక్యూరిటీ కీ అనే చిన్న పరికరాన్ని తాకి మళ్లీ తనని తాను నిరూపించుకోవాలి. చాట్ అకౌంట్ ఒక్కటి పోతే ప్రొడక్షన్ పోకూడదు కదా.

గడువు తీరడం అంటే ఏమిటి

డిజైన్ డాక్యుమెంట్‌లో 'టైమ్ అయ్యాక యాక్సెస్ పోతుంది' అని రాయడం తేలిక. ఒక్కో సిస్టమ్‌లో ఆ మాటకి ఒక్కో అర్థం ఉంది.

సర్వర్లకి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సర్టిఫికెట్లు వాడాం. ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో ఇవి 2010లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచీ ఉన్నాయి, ఇప్పటికీ ప్రతి సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో కీలు అతికించుకుంటూ కూర్చునేవాళ్లే ఎక్కువ. సర్వర్‌కి సంతకం చేసే అథారిటీ కీ ఒక్కటి చెబితే చాలు. ఒక్కో సర్టిఫికెట్‌లో ఎవరు, ఏ అకౌంట్‌గా, ఎప్పటిదాకా అనేది ఉంటుంది. సర్టిఫికెట్ ఐడీగా రిక్వెస్ట్ నంబర్‌నే పెట్టాం. లాగిన్ అయినప్పుడు సర్వర్ దాన్ని లాగ్‌లో రాస్తుంది కాబట్టి, ఏ లాగిన్ ఏ అనుమతి మీద జరిగిందో వెతకాల్సిన పని లేదు. సర్వర్ గడియారం కాస్త వెనకబడి ఉంటే 'ఇంకా చెల్లుబాటు కాదు' అని తిప్పికొడుతుంది, అందుకని మొదలయ్యే టైమ్‌ని 5 నిమిషాలు వెనక్కి పెట్టి సంతకం చేస్తాం. అసలు విషయం ఏమిటంటే, సర్టిఫికెట్ గడువు తీరితే కొత్త లాగిన్ కుదరదు, అంతే. అప్పటికే తెరిచి ఉన్న సెషన్ అలాగే ఉంటుంది. దాన్ని కోసే పని మధ్యలో ఉన్న ప్రాక్సీకి అప్పగించాం. కోయడానికి ముందు టెర్మినల్‌లో హెచ్చరిక వస్తుంది, ఇంకొంతసేపు కావాలంటే ఎలా అడగాలో అందులోనే ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఇదే సంగతి ఇంకా మోసపూరితంగా ఉంది. తాత్కాలిక రోల్‌కి 'వ్యాలిడ్ అంటిల్' అనే గడువు పెడితే సరిపోతుందని చూడగానే అనిపిస్తుంది. డేటాబేస్ టీమ్‌లో ఒక సీనియర్ రివ్యూలోనే పట్టుకున్నారు: "ఆ గడువు పాస్‌వర్డ్‌కండీ, రోల్‌కి కాదు. టీమక్స్‌లో (టెర్మినల్ మూసినా సెషన్‌ని బతికించే ప్రోగ్రామ్) కనెక్షన్ తెరిచి ఇంటికెళ్లిపోతే రేపటిదాకా అలాగే ఉంటుంది." డాక్యుమెంటేషన్‌లోనూ అదే ఉంది. దాంతో గడువు తీరగానే రోల్‌కి లాగిన్ తీసేసి, నడుస్తున్న కనెక్షన్లని పీజీ టెర్మినేట్ బ్యాకెండ్ అనే పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్‌తో తెంచి, ఆపైన రోల్‌ని డ్రాప్ చేసే జాబ్ రాశాం. రోల్ పేరు మీద ఏ టేబులైనా పుట్టి ఉంటే డ్రాప్ కాదు, ఓనర్‌షిప్ ముందు వేరేవాళ్లకి మార్చాలి. తాత్కాలిక రోల్‌కి నేరుగా ఏ గ్రాంటూ (అనుమతి) ఇవ్వకుండా, ముందే ఉన్న గ్రూప్ రోల్‌లో సభ్యత్వం మాత్రమే ఇస్తే శుభ్రం చేయడం చాలావరకు తేలికవుతుంది.

అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో రోల్ సెషన్ 15 నిమిషాల నుంచి 12 గంటల దాకా అడగొచ్చు, అది కూడా రోల్‌కి పెట్టిన గరిష్ఠ పరిమితి దాటకుండా. ఒక రోల్ ద్వారా ఇంకో రోల్‌లోకి వెళితే మాత్రం గంటే. కాబట్టి నాలుగు గంటల అనుమతి ఉన్నవాడికి కమాండ్ గంటగంటకీ వెనకాల కొత్త క్రెడెన్షియల్ తెస్తుంది, ప్రతిసారీ అనుమతి ఇంకా బతికి ఉందో లేదో సర్వర్‌ని అడుగుతుంది. మధ్యలో రద్దు చేయాల్సి వస్తే ఇచ్చేసిన క్రెడెన్షియల్‌ని లాక్కోలేం. ఫలానా టైమ్‌కి ముందు పుట్టిన టోకెన్లన్నిటినీ నిరాకరించే పాలసీని రోల్‌కి తగిలించాలి. ఆ దెబ్బ ఆ రోల్‌లో ఉన్న అందరికీ తగులుతుంది. కుబెర్నెటీస్ రోల్ బైండింగ్‌లో గడువు అన్న ఫీల్డే లేదు, అనోటేషన్‌లో (దానికి తగిలించే నోట్‌లో) టైమ్ రాసి, చూసి చెరిపే కంట్రోలర్ ఒకటి పెట్టుకున్నాం.

ఇవన్నీ అయ్యాక కూడా, ఇచ్చిన అనుమతుల లిస్ట్‌నీ సిస్టమ్‌లలో నిజంగా ఉన్నవాటినీ పోల్చే జాబ్ ఒకటి పదేపదే నడుస్తుంటుంది. లిస్ట్‌లో లేనిది ఎక్కడ కనిపించినా అలర్ట్ వస్తుంది.

స్క్రిప్ట్‌లు, ఏజెంట్లు

కమాండ్ అన్నాక దాన్ని స్క్రిప్ట్‌లో పెట్టేవాళ్లు ఉంటారు. ప్రోగ్రామ్ రాసేది బయటికి వచ్చే దారులు రెండు: మనుషులకి చెప్పే మాటలన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కి, డేటా మాత్రమే స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి వెళ్లాలి. ఇది చాదస్తం కాదు: ఏడబ్ల్యూఎస్ కమాండ్ టూల్ (సీఎల్ఐ) క్రెడెన్షియల్ తెచ్చే ప్రోగ్రామ్‌గా మా కమాండ్‌ని పిలిచినప్పుడు జేసన్ ఫార్మాట్‌లో వచ్చే డేటా మధ్యలో 'దయచేసి ఆగండి' అని పడితే మొత్తం విరిగిపోతుంది. ఎగ్జిట్ కోడ్‌లకి, అంటే ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకెలకి, పాత యూనిక్స్ సంప్రదాయాన్నే తీసుకున్నాం: అప్రూవల్ ఇంకా రాకపోతే 75, కాదంటే 77. స్క్రిప్ట్ మొదటిదాన్ని చూసి మళ్లీ ప్రయత్నిస్తుంది, రెండోదాన్ని చూసి ఆగిపోతుంది.

ఇప్పుడు టెర్మినల్‌లో మనుషులే కాదు, కోడ్ రాసే ఏఐ ఏజెంట్లూ కమాండ్లు కొడుతున్నాయి. పర్మిషన్ లేదని రాగానే ఏజెంట్ చక్కగా రిక్వెస్ట్ పెట్టేస్తుంది, కారణం కూడా మనుషులకంటే అందంగా రాస్తుంది! చానెల్‌లో చూసేవాడికి అది మనిషి పెట్టినట్టే ఉంటుంది. అందుకని ఏ రిక్వెస్ట్ అయినా బయటికి వెళ్లాలంటే కీబోర్డ్ దగ్గరున్న మనిషి సెక్యూరిటీ కీ తాకాలి. తాకే ముందు ఏం అడుగుతున్నామో పూర్తిగా చూపిస్తుంది. మనుషులు లేకుండా నడిచే జాబ్‌లకి వేరే ఐడెంటిటీలున్నాయి, అవి ఈ దారిలో రావు.

టూలే పడిపోతే? ఎమర్జెన్సీ దారి ఒకటి ఉంది, దానికి చాట్‌తో గానీ మా లాగిన్ సర్వర్‌తో గానీ సంబంధం లేదు. ఇద్దరు కలిస్తేనే తెరుచుకుంటుంది, తెరవగానే సెక్యూరిటీ వాళ్ల పేజర్లు మోగుతాయి. అప్పుడప్పుడు కావాలనే టూల్‌ని ఆపి ఆ దారిలో నడిచి చూస్తాం.

పాతవి పీకేయడం

ఇదంతా కుదిరాకే శాశ్వత యాక్సెస్ జోలికి వెళ్లాం. 90 రోజులుగా ఎవరూ వాడనివి మొదట తీశాం, ఎవరూ కిక్కురుమనలేదు. తర్వాత తరచుగా వాడేవాళ్ల వంతు. ఏళ్లుగా ప్రొడక్షన్ తన చేతుల మీద నడిపించిన ఒక సీనియర్‌కి ఇది అవమానంగానే తోచింది. "నన్నే నమ్మట్లేదా మీరు?" అని అడిగారు. వాదించలేదు. "మీ పాత యాక్సెస్ అలాగే ఉంచుతాం సార్, కొన్నాళ్లు కొత్త కమాండ్ వాడి చూడండి, పని ఆగితే మాకు చెప్పండి" అన్నాం. ఆయన రోజువారీ పనిలో చాలాభాగం ఆన్‌కాల్ లెక్కలో దానంతటదే అప్రూవ్ అయ్యేదే. కొన్నాళ్లకి తన పేరు తీసేయమని ఆయనే మెసేజ్ పెట్టారు. తన ల్యాప్‌టాప్ పోతే ఏమవుతుందో అన్న టెన్షన్ అన్నాళ్లూ తనకే ఉండేదట.

మిగిలిపోయినవీ ఉన్నాయి. బయట కొన్న సాఫ్ట్‌వేర్ సేవల అడ్మిన్ కన్సోల్‌లు కొన్నిటికి యాక్సెస్ ఇవ్వడానికీ తీయడానికీ ఏపీఐ (ప్రోగ్రామ్‌లు నేరుగా వాడుకునే దారి) లేదు. వాటిని అడిగితే మా కమాండ్ లోపల పాత టికెట్‌నే తెరుస్తుంది. టికెట్ నంబర్, ఇది చేత్తో జరిగే పని కాబట్టి ఆలస్యమవుతుందన్న మాట టెర్మినల్‌లోనే చూపిస్తుంది. గడువు రోజున తీసేయమని ఇంకో టికెట్ దానంతటదే పడుతుంది. కాంట్రాక్ట్ రెన్యువల్‌కి వచ్చినప్పుడల్లా ఆ కంపెనీలని ఏపీఐ ఎప్పుడిస్తారని అడుగుతున్నాం. ఒకటి రెండు ఇచ్చాయి.